బండి రబ్బరు పార్టులకు ఏ గ్రీజు రాయాలి?

ఎక్కడైనా కిర్రుమని చప్పుడొస్తే చేతికందిన ఆయిల్ డబ్బా తీసి నాలుగు చుక్కలు వేసేస్తాం. ఇనుముకైతే పర్లేదు గానీ రబ్బరుతో అలా కుదరదు. నేనోసారి డోర్ బీడింగ్‌కు మామూలు గ్రీజు రాశాను, మొదట్లో బ్రహ్మాండంగా ఉంది, తర్వాత అది మెత్తబడి, ఉబ్బి, గాడిలోంచి బయటికొచ్చేసి, తలుపు రెండుసార్లు బాదితే గానీ పడేది కాదు. ఎండిపోయిన రబ్బరు పగులుతుందని అందరికీ తెలుసు, నూనె తాగి కూడా పాడవుతుందని నాకు అప్పుడే తెలిసింది.

ముందు డబ్బా వైపు చూడకండి, ఆ రబ్బరు ఇన్నాళ్లూ దేనితో కాపురం చేస్తోందో చూడండి. ఇంజిన్ ఆయిల్‌నో పెట్రోల్‌నో ఆపే సీళ్లు, ఓ-రింగులు సాధారణంగా నైట్రైల్ లేదా ఫ్లోరో రబ్బరుతో చేస్తారు, వాటికి పెట్రోలియం ఆయిల్‌తో పేచీ లేదు. కొత్త ఆయిల్ సీల్ వేసేటప్పుడు దాని అంచుకు అదే ఇంజిన్ ఆయిల్ కాస్త రాస్తే సరిపోతుంది. ఎండ, వాన, కూలెంట్, బ్రేక్ ఫ్లూయిడ్ తగిలే చోట, అంటే డోర్ బీడింగులు, రేడియేటర్ హోస్‌లు, బ్రేక్ సీళ్లలో ఎక్కువగా ఉండేది ఈపీడీఎం అనే ఒక రకం కృత్రిమ రబ్బరు. ఇంజిన్ మౌంటింగులు, సస్పెన్షన్ బుష్‌లు చాలావరకు సహజ రబ్బరే. ఈ రెండింటికీ పెట్రోలియం ఆయిల్ అస్సలు పడదు.

తర్వాత లేబుల్. లిథియం గ్రీజు అనగానే అదేదో ప్రత్యేకమైనది అనుకుంటాం. లిథియం సబ్బు కలిపేది చిక్కదనం కోసమే, లోపలి నూనె చాలా డబ్బాల్లో మినరల్ ఆయిలే, అంటే పెట్రోలియం నూనే. పెట్రోలియం జెల్లీ పేరులోనే ఉంది. తుప్పు వదిలించే స్ప్రేల్లో కూడా చాలావరకు పెట్రోలియం ద్రావకాలే ఉంటాయి. రబ్బరుకు సురక్షితం అని రాసి ఉంటే ఏ రబ్బరుకో చూడండి, ఈపీడీఎం పేరు ఉంటే నమ్మొచ్చు. ఏం తోచకపోతే సిలికాన్ గ్రీజు తీసుకోండి, దాదాపు అన్నిటికీ పనికొస్తుంది. సిలికాన్ రబ్బరుకు మాత్రం వద్దు, అది ఉబ్బుతుంది.

బ్రేకుల దగ్గర ప్రయోగాలొద్దు. కాలిపర్ (డిస్క్ బ్రేకులో ప్యాడ్‌లను డిస్కుకు నొక్కే భాగం) లోపలి సీల్ బిగించేటప్పుడు బండికి చెప్పిన బ్రేక్ ఫ్లూయిడ్‌తోనే తడపండి, లేదా బ్రేక్ సీళ్ల కోసమే చేసే ఎర్ర రబ్బరు గ్రీజు వాడండి, అది మొక్కల నూనెతో చేసింది. కాలిపర్ జారే పిన్నులకు బ్రేకులకని రాసి ఉన్న సిలికాన్ లేదా సింథటిక్ గ్రీజే రాయాలి. మినరల్ ఆయిల్ ఆ సీళ్లకు తగిలితే అవి ఉబ్బి బ్రేక్ పట్టేస్తుంది.

ఇంకా అనుమానం ఉంటే తీసేసిన పాత ముక్క ఒకటి కొలిచి, రెండు మూడు రోజులు ఆ ఆయిల్‌లో నానబెట్టి మళ్లీ కొలవండి. లావైనా, జిగురుగా తయారైనా ఆ డబ్బా పక్కన పెట్టేయండి. ఏమీ కాకపోతే పూర్తి భరోసా అనుకోవద్దు, ఇంజిన్ వేడిలో నెలల తరబడి ఉండటం వేరు.

రాసే ముందు సబ్బు నీళ్లతో తుడిచి బాగా ఆరనివ్వండి, లేకపోతే దుమ్ము, గ్రీజు కలిసి ఉప్పుకాగితంలా అరగదీస్తాయి. స్ప్రే అయితే గుడ్డ మీద కొట్టుకుని పల్చగా రుద్దండి, నేరుగా కొడితే డిస్కుల మీద, పెడల్స్ మీద పడి జారుడు మొదలవుతుంది. పెయింట్ వేయించబోయే బండి దగ్గర సిలికాన్ స్ప్రే అసలు తీయకండి, అది పడ్డచోట పెయింట్ గుంటలు గుంటలుగా విడిపోతుంది. హోస్ ఎక్కించడానికైతే ఇదంతా అక్కర్లేదు, కాస్త కూలెంట్‌తో తడిపితే జారిపోతుంది.

రెండు చోట్ల ఏమీ రాయకూడదు. ఇనుముకు అతికించి ఉండే రబ్బరు బుష్ మెలితిరుగుతూ పనిచేస్తుంది, జారుతూ కాదు, కాబట్టి చప్పుడొస్తే అది అరిగిందో ఊడిందో చూడాలి. ఫ్యాన్ బెల్ట్ కీచుమంటే కూడా అంతే, టెన్షన్ సరిగ్గా ఉందా, పుల్లీ వంకరగా ఉందా చూసి, బెల్ట్ నున్నబడితే మార్చేయండి.