ప్రోబ్ మళ్లీ నడిచినప్పుడు: లినక్స్ డ్రైవర్‌లో పాత స్టేట్ మిగలకుండా

మాడ్యూల్ లోడయ్యేది ఒక్కసారే, ప్రోబ్ (డివైస్ దొరికినప్పుడు కెర్నల్ పిలిచే డ్రైవర్ ఫంక్షన్) మాత్రం ఎన్నిసార్లయినా నడుస్తుంది. ఒకే ఐ2సీ బస్సు (చిప్‌లను కలిపే తీగల జత) మీద హెక్స్ 48, 49 అడ్రసుల్లో రెండు ఎల్‌ఎం75 ఉష్ణోగ్రత సెన్సర్లుంటే రెండుసార్లు. చిప్‌కి పవర్ ఇచ్చే రెగ్యులేటర్ ఇంకా సిద్ధంగా లేక ప్రోబ్ డిఫర్ అయితే (వాయిదా పడితే) మళ్లీ మళ్లీ. డ్రైవర్‌ని డివైస్ నుంచి విడదీసి (అన్‌బైండ్), మళ్లీ కలిపితే (బైండ్) ఇంకోసారి. ఫైలు పైన పెట్టుకున్న స్టాటిక్ గ్లోబల్స్ ఈ మధ్యలో సున్నా కావు. డెవ్‌ఎం అంటే డివైస్‌ని వదిలినప్పుడు తీసుకున్నవన్నీ కెర్నలే వదిలేసే పద్ధతి; అందులోని డెవ్‌ఎం కేజెడ్‌అలాక్‌తో తీసుకున్న మెమరీ ప్రోబ్ ఫెయిలైనా ఫ్రీ అయిపోతుంది. గ్లోబల్ పాయింటర్ మాత్రం ఆ పాత చోటునే పట్టుకుని కూర్చుంటుంది. ‘పాయింటర్ నల్ కాదు కాబట్టి ఇనిట్ అయిపోయింది’ అనుకునే చెక్ సరిగ్గా అక్కడే కొంప ముంచుతుంది.

లాక్, వర్క్ (తర్వాత నడపడానికి క్యూలో పెట్టే పని), కంప్లీషన్ (పని పూర్తయిందని చెప్పే సంకేతం), కాలిబ్రేషన్ విలువలు అన్నీ ఒకే స్ట్రక్చర్‌లో పెట్టి, ప్రతి ప్రోబ్‌లో కొత్తగా అలాకేట్ చేసి, డ్రైవర్ డేటాగా ఆ డివైస్‌కే తగిలించండి. గ్లోబల్‌గా ఉండదగ్గవి దాదాపుగా కాన్స్ట్ టేబుళ్లే.

మెమరీ కొత్తదైనా చిప్ కొత్తది కాదు. బూట్‌లోడరో, వార్మ్ రీబూట్‌కు (పవర్ తీయకుండా చేసే రీబూట్‌కు) ముందు నడిచిన కెర్నలో ఎనేబుల్ చేసిన ఇంటరప్ట్‌లు అలాగే ఉండొచ్చు. పవర్, క్లాక్ ఇచ్చాక రీసెట్ లైన్ ఉంటే రీసెట్ చేయండి. తర్వాత ఇంటరప్ట్‌లన్నీ మాస్క్ చేసి (రాకుండా ఆపి), పెండింగ్ స్టేటస్ క్లియర్ చేయండి. చాలా చిప్‌లలో ఆ బిట్‌కి 1 రాస్తేనే అది పోతుంది. లాక్, వర్క్ ఇనిట్ అయ్యాకే ఐఆర్‌క్యూ (ఇంటరప్ట్ లైన్) అడగండి. అన్‌మాస్క్ అన్నిటికంటే చివర. ఐఆర్‌క్యూ ముందే అడిగితే, పాత ఇంటరప్ట్ ఆ క్షణమే హ్యాండ్లర్‌ని లేపి, ఇంకా ఇనిట్ కాని వర్క్‌ని క్యూలో పెట్టిస్తుంది.

ఎక్కువమంది జారేది రిమూవ్‌లో, అంటే డివైస్‌ని వదిలేటప్పుడు నడిచే ఫంక్షన్‌లో. అక్కడ వర్క్ క్యాన్సిల్ చేసినా, డెవ్‌ఎం ద్వారా తీసుకున్న ఐఆర్‌క్యూ రిమూవ్ ముగిశాకే వదులుతుంది. ఆ సందులో వచ్చిన ఇంటరప్ట్ వర్క్‌ని మళ్లీ షెడ్యూల్ చేస్తుంది, అది నడిచేసరికి స్ట్రక్చర్ ఉండకపోవచ్చు. డెవ్‌ఎం వదిలేది తీసుకున్న వరుసకు తలకిందులుగా. కాబట్టి వర్క్‌ని డెవ్‌ఎం వర్క్ ఆటోక్యాన్సిల్‌తో ఐఆర్‌క్యూ కంటే ముందు రిజిస్టర్ చేస్తే చాలు.

కంప్లీషన్‌ని ప్రతి ట్రాన్స్‌ఫర్ మొదలుపెట్టే ముందు రీఇనిట్ చేయండి. లేకపోతే టైమౌట్ తర్వాత ఆలస్యంగా వచ్చిన ఇంటరప్ట్, తర్వాతి ట్రాన్స్‌ఫర్ అప్పుడే పూర్తయిందని నమ్మిస్తుంది. రెగ్‌మ్యాప్ క్యాష్ (చిప్ రిజిస్టర్ల విలువలకు మెమరీలో ఉంచే నకలు) వాడుతుంటే, చిప్‌కి పవర్ పోయి వచ్చాక క్యాష్‌ని డర్టీగా (చిప్‌తో సరిపోలనిదిగా) గుర్తు పెట్టి సింక్ చేయాలి.

పరీక్షకు కాసాన్ (మెమరీ తప్పుల్ని పట్టే కెర్నల్ సాధనం) ఆన్ చేసిన కెర్నల్ తీసుకుని, సిస్‌ఎఫ్‌ఎస్‌లో (డ్రైవర్లను ఫైళ్లలా చూపే /sys లో) ఆ డ్రైవర్ ఫోల్డర్‌లోని అన్‌బైండ్, బైండ్ ఫైళ్లలోకి ‘1-0048’ లాంటి డివైస్ పేరుని లూప్‌లో రాయండి. ఫ్రీ అయిన మెమరీని ముట్టుకుంటే, ఎక్కడ అలాకేట్ అయిందో, ఎక్కడ ఫ్రీ అయిందో కూడా లాగ్‌లో వస్తుంది. చిప్‌లో మిగిలిన బిట్లు కాసాన్‌కి దొరకవు. వాటికోసం ప్రోబ్‌లో పవర్, క్లాక్ ఇచ్చాక, రీసెట్‌కి ముందే రిజిస్టర్ల డంప్ తీసి, వార్మ్ రీబూట్ తర్వాతి దాన్ని, పవర్ పూర్తిగా తీసి ఇచ్చిన తర్వాతి దానితో పోల్చండి.