బేస్ గిటార్ సౌండ్ సన్నబడితే ముందు ఏం చూడాలి: సమస్య - పరిష్కారం

తిరుపతి, చిత్తూరు చుట్టుపక్కల ఆర్కెస్ట్రాల్లో, చర్చిల్లో, కాలేజీ బ్యాండ్లలో వాయించే బేస్ గిటార్లు రిపేరుకు నా దగ్గరికి వస్తుంటాయి. తెచ్చేవాళ్ల మొదటి మాట దాదాపు ఒకటే: "అన్నా, దీని టోన్ బాగలేదు, పికప్‌లు మార్చేద్దామా?" నిజంగా పికప్‌లు (స్ట్రింగ్స్ కింద ఉండి వాటి కంపనాన్ని సిగ్నల్‌గా మార్చే అయస్కాంతం, కాయిల్ ముక్కలు) మార్చాల్సినవి చాలా తక్కువ. మిగతావాటిలో తప్పు బ్యాటరీదో, జాక్‌దో, తారుమారుగా అతికిన వైరుదో అయి ఉంటుంది. చెన్నై దాకా వెళ్లి వేలు ఖర్చు పెట్టే ముందు ఇవి చూసుకోండి. స్ట్రింగ్స్ మార్చడం, కంట్రోల్ ప్లేట్ విప్పడం, సాల్డరింగ్ పెట్టడం మీకు వచ్చనుకునే రాస్తున్నాను.

"వాళ్ల గిటార్ టోన్ బాగుంది, నాది బాగలేదు"

పోల్చడానికి ఒకే కేబుల్, ఒకే యాంప్ వాడండి. యాంప్ మీద బేస్, మిడ్, ట్రెబుల్ మూడూ మధ్యలో పెట్టండి. రెండు గిటార్లూ చెవికి ఒకే స్థాయిలో వినిపించేలా వాల్యూమ్ సరిచేయండి. ఈ చివరి పని ఎవరూ చెయ్యరు. యాక్టివ్ గిటార్ (లోపల బ్యాటరీతో నడిచే ప్రీయాంప్, అంటే సిగ్నల్‌ను పెంచే చిన్న సర్క్యూట్ ఉన్నది) నుంచి సిగ్నల్ మామూలుగానే పెద్దగా వస్తుంది. పెద్దగా వినిపించేది ఎప్పుడూ బాగున్నట్టే అనిపిస్తుంది. స్ట్రింగ్స్ సంగతి కూడా అంతే. వాళ్లవి మొన్న వేసిన స్ట్రింగ్స్, మీవి ఏడాదిగా చెమట పట్టినవి అయితే ఆ తేడా పికప్‌లది కాదు.

కొన్ని తేడాలు లోపాలు కానే కావు. ఫెండర్ ప్రెసిషన్ బేస్ 1951లో వచ్చింది. ఇప్పుడు మనం చూసే రెండు ముక్కల పికప్‌ను దానికి 1957లో పెట్టారు. ఆ రెండు ముక్కలూ సిరీస్‌లో ఉంటాయి, అందుకే మిడ్ నిండుగా, గట్టిగా వస్తుంది. 1960లో వచ్చిన జాజ్ బేస్‌లో రెండు విడి పికప్‌లు ప్యారలల్‌లో ఉంటాయి. రెండూ ఫుల్‌గా పెడితే మిడ్ కొంచెం తగ్గి సౌండ్ తేటపడుతుంది. 1976లో వచ్చిన మ్యూజిక్ మ్యాన్ స్టింగ్‌రేలో బ్రిడ్జి వైపు ఒక పెద్ద హంబకర్ (హమ్ కొట్టేసుకునే రెండు కాయిళ్ల పికప్), లోపల ప్రీయాంప్ ఉంటాయి. మన దగ్గర తిరిగే గిటార్లలో చాలావరకు ఈ మూడింటి దారిలో చేసినవే. ప్రెసిషన్ రకం గిటార్ తెచ్చి స్టింగ్‌రే మెరుపు కావాలంటే వైరింగ్ ఎంత మార్చినా రాదు. అది పికప్ ఉన్న చోటుతో వచ్చే గుణం.

గట్టిగా కొడితే సౌండ్ చిరుగుతోంది, లేదా పోనుపోను తగ్గిపోతోంది

యాక్టివ్ గిటార్ అయితే బ్యాటరీ. ముందు బ్యాటరీ, తర్వాతే ఇంకేదైనా. ఇది చూడకుండా ప్రీయాంప్ పోయిందని తెచ్చేవాళ్లను చూస్తే నిజంగా బాధేస్తుంది, ఎందుకంటే కొందరు అప్పటికే కొత్త ప్రీయాంప్ కొనేసి ఉంటారు.

కొత్త 9 వోల్టుల ఆల్కలైన్ బ్యాటరీ మీటర్ మీద 9 పైనే చూపిస్తుంది. కేబుల్ గుచ్చి ఉండగా కొలవండి. 7 దగ్గరికి వచ్చిందంటే మార్చేయండి. మొదట గట్టి నోట్లు పగులుతాయి, తర్వాత మొత్తం సౌండ్ నీరసపడుతుంది, చివరికి ఆగిపోతుంది. యాక్టివ్-పాసివ్ స్విచ్ ఉంటే పాసివ్‌లోకి, అంటే ప్రీయాంప్ లేకుండా, తిప్పండి. అప్పుడు సౌండ్ బాగుంటే పికప్‌లకు ఏమీ కాలేదు.

బ్యాటరీ వారానికే అయిపోతుంటే జాక్ చూడండి. ఈ గిటార్లలో మూడు కాంటాక్టుల స్టీరియో జాక్ ఉంటుంది. మామూలు కేబుల్ గుచ్చగానే దాని పిన్ను బ్యాటరీ నెగెటివ్‌ను గ్రౌండ్‌తో కలుపుతుంది, అదే ఆన్ స్విచ్. రాత్రంతా కేబుల్ తియ్యకుండా వదిలేస్తే రాత్రంతా బ్యాటరీ కాలుతూనే ఉంటుంది. కొన్ని గిటార్లలో పాత జాక్ పాడైతే ఎవరో మామూలు మోనో జాక్ వేసి, బ్యాటరీ నెగెటివ్‌ను నేరుగా గ్రౌండ్‌కు అతికేసి ఉంటారు. అప్పుడు కేబుల్ తీసినా బ్యాటరీ ఆగదు. స్టీరియో జాక్ తెచ్చి నెగెటివ్ వైరును రింగ్ (మధ్య) కాంటాక్టుకు వేయండి.

ఒక్కో పికప్ విడిగా బాగుంది, రెండూ కలిపితే బేస్ మాయం

నన్ను ఎక్కువ తిప్పలు పెట్టింది ఇదే. రెండు పికప్‌ల జాజ్ రకం గిటార్లో, పికప్ మార్చిన తర్వాతో, ఎవరో "హమ్మింగ్ తీసేసి" ఇచ్చిన తర్వాతో మొదలవుతుంది. ఇంట్లో చిన్న యాంప్‌లో వింటే సౌండ్ తేటగా, శుభ్రంగానే ఉంటుంది. స్టేజీ ఎక్కి డ్రమ్స్, కీబోర్డ్ మొదలవగానే బేస్ గిటార్ ఎక్కడుందో తెలియదు. సౌండ్ సిస్టమ్ వాళ్లు మిక్సర్లో కింది సౌండ్ అంతా పెంచుతారు. హాలు అదురుతుంది, నోటు మాత్రం తెలియదు. వాయించే మనిషికి టెన్షన్, చేతిలో లోపమేమోనని అనుమానం. లోపం చేతిలో లేదు. రెండు పికప్‌ల ఫేజ్ (సిగ్నల్ పైకీ కిందికీ ఊగే దిశ) ఒకదానికొకటి ఎదురుగా ఉంది, ఒకే బండిని ముందునుంచి ఒకరు, వెనకనుంచి ఒకరు తోస్తున్నట్టు.

బేసే ఎందుకు పోతుందంటే, స్ట్రింగ్ కంపించేటప్పుడు అసలు నోటు, అంటే అన్నిటికన్నా కింది స్థాయి కంపనం, రెండు పికప్‌ల మీదా ఒకే వైపుకు కదులుతుంది. ఫేజ్ ఎదురైతే ఆ భాగమే ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది. పై స్థాయి కంపనాలు రెండు చోట్లా వేరువేరుగా ఉంటాయి కాబట్టి అవి మిగులుతాయి. అందుకే సౌండ్ ముక్కుతో పలికినట్టు సన్నగా వస్తుంది. చిన్న యాంప్ స్పీకర్ ఈ (E) స్ట్రింగ్ 41 హెర్ట్జ్‌ను ఎలాగూ సరిగా వినిపించదు, అందుకే ఇంట్లో తప్పు బయటపడదు.

పరీక్ష చాలా సులువు. పెద్ద స్పీకర్ ఉన్న యాంప్‌లో పెట్టండి. రెండు వాల్యూమ్‌లూ ఫుల్‌గా పెట్టి ఓపెన్ ఈ (E) స్ట్రింగ్ కొట్టండి. ఇప్పుడు ఒక వాల్యూమ్‌ను మెల్లగా కొంచెం తగ్గించండి. తగ్గించేకొద్దీ బేస్ ఉప్పొంగితే ఫేజ్ ఎదురుగా ఉన్నట్టే. మంచి జాజ్ బేస్‌లో కూడా తగ్గిస్తే టోన్ కాస్త మారుతుంది, మిడ్ కొంచెం ముందుకొస్తుంది, కానీ కింది సౌండ్ అలా ఎగిరి రాదు. ఈ తేడా ఒకసారి విన్న చెవి మళ్లీ మర్చిపోదు.

మీటర్‌తో రుజువు చేసుకోవచ్చు. పాసివ్ గిటార్ అయితే కేబుల్ గుచ్చి, రెండో కొసలో పిన్ను చివరికీ, దాని ఒంటికీ మీటర్ పెట్టి 20 కిలో ఓమ్స్ రేంజ్‌లో ఉంచండి. ఒక వాల్యూమ్ ఫుల్, రెండోది సున్నా. జాజ్ పికప్ సుమారు 7, 8 కిలో ఓమ్స్ చూపిస్తుంది. ఇనుప స్క్రూడ్రైవర్ మొనను పికప్ పోల్ (స్ట్రింగ్ కింద ఉండే లోహపు కడ్డీ) మీద ఆనించి చటుక్కున లాగండి. అంకె ఒక క్షణం పెరుగుతుంది లేదా తగ్గుతుంది. రెండో పికప్‌కూ అలాగే చేయండి. రెండూ ఒకే వైపు కదలాలి. ముల్లు ఉన్న పాత మీటర్ అయితే ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. యాక్టివ్ గిటార్లో మాత్రం ప్రీయాంప్ దాటి కొలిస్తే ఏమీ తెలియదు, పికప్ వైర్ల దగ్గరే పెట్టాలి.

ఎదురుగా ఉంటే ఒక పికప్ రెండు వైర్లనూ అటుదిటు మార్చాలి. అంతే కదా అని మార్చి ఊరుకుంటే కొన్నిటిలో హమ్మింగ్ మొదలవుతుంది. అసలు మెలిక ఇక్కడే ఉంది.

సరైన జతలో ఒక పికప్ అయస్కాంతం ఉత్తరం పైకి ఉంటే రెండోదానిది దక్షిణం పైకి ఉంటుంది, కాయిల్ కూడా ఎదురు దిశలో చుట్టి ఉంటుంది. అలా ఉంటే స్ట్రింగ్ సౌండ్ కలుస్తుంది, కరెంటు నుంచి వచ్చే హమ్ కొట్టేసుకుంటుంది. నెక్ పికప్ పోయిందని ఎవరో ఇంకో జతలోని ఏదో ఒక పికప్ వేశారనుకోండి. రెండిటి అయస్కాంతాలూ ఒకే వైపు ఉంటే ఈ రెండు లాభాలూ కలిసి రావు. వైర్లు ఒక రకంగా వేస్తే సౌండ్ నిండుగా ఉంటుంది కానీ హమ్ వస్తుంది. తిప్పి వేస్తే హమ్ పోతుంది, దానితోపాటే బేసూ పోతుంది. రిపేరు చేసినవాళ్లు ఈ రెండోదాన్నే చేసి "హమ్మింగ్ పోయింది" అని ఇచ్చేస్తారు. కస్టమర్ కూడా నిశ్శబ్దం విని సంతోషంగా వెళ్తాడు. ఆ గిటారే జాతర స్టేజీ మీద మూగబోతుంది.

అందుకే వైరు ముట్టుకునే ముందు అయస్కాంతాలు చూడండి. పికప్‌లు రెండూ బయటికి తీసి పై భాగాలు ఎదురెదురుగా పెట్టండి. అతుక్కోబోతే సరైన జత. నెట్టుకుంటే కాదు.

సరైన జత అయి ఫేజ్ మాత్రం ఎదురుగా ఉంటే వైర్లు మార్చండి, సౌండ్ నిండుతుంది, హమ్ కూడా పోతుంది. జత కాకపోతే మూడు దారులు. సరైన పికప్ కొనడం మొదటిది. సౌండ్ నిండుగా ఉండే వైరింగ్ ఉంచుకుని హమ్‌తో సర్దుకోవడం రెండోది. స్టేజీ మీద వాయించేవాళ్లకు బేస్ లేని నిశ్శబ్దం కన్నా ఇదే మేలని నా అభిప్రాయం. మూడోది అయస్కాంతం తిప్పడం. చవక పికప్‌లలో చాలావాటికి అడుగున పలక అయస్కాంతం అతికి ఉంటుంది, పోల్స్ ఉత్త ఇనుము. ఆ పలకను జాగ్రత్తగా ఊడదీసి తిరగేసి అతకవచ్చు. సౌండ్ సన్నగా, హమ్ లేకుండా ఉన్న గిటార్‌కు పలక తిప్పితే చాలు. సౌండ్ నిండుగా, హమ్‌తో ఉన్నదానికి పలకా తిప్పాలి, అదే పికప్ వైర్లూ మార్చాలి. పోల్స్ తామే అయస్కాంతాలైన ఆల్నికో పికప్‌లలో మాత్రం ఆ కడ్డీలను నెట్టి బయటికి తీయకండి. వెంట్రుకలాంటి కాయిల్ తీగ చాలావాటిలో కడ్డీల మీదే చుట్టి ఉంటుంది, తెగితే పికప్ పోయినట్టే.

ఇంకో జాగ్రత్త. కొన్ని పికప్‌ల నల్ల వైరు అడుగు రేకుకో మెటల్ కవర్‌కో కూడా అతికి ఉంటుంది. దాన్ని అలాగే ఉంచి వైర్లు మారిస్తే ఆ రేకు సిగ్నల్ వైపు వెళ్తుంది, చెయ్యి తగిలిన ప్రతిసారీ గర్ మంటుంది. ముందు ఆ అతుకు విడదీసి, రేకుకు విడిగా గ్రౌండ్ వైరు ఇవ్వండి.

ప్రెసిషన్ పికప్‌తోపాటు బ్రిడ్జి దగ్గర జాజ్ పికప్ ఉన్న గిటార్లలోనూ ఫేజ్ ఎదురవుతుంది, వైర్లు మారిస్తే సరి. బ్రిడ్జి పికప్ సింగిల్ కాయిల్ అయితే దాని హమ్ ఎటూ పోదు, ఆ రకం గిటార్లో అది సహజం.

హమ్మింగ్

మన కరెంటు 50 హెర్ట్జ్. ఈ (E) స్ట్రింగ్ 41, ఏ (A) స్ట్రింగ్ 55. హమ్ ఆ రెండిటి మధ్యలో కూర్చుంది కాబట్టి ఈక్యూతో (బేస్, మిడ్, ట్రెబుల్ నాబ్‌లతో) దాన్ని కోస్తే మీ నోట్లే పోతాయి. మూలం దగ్గరే ఆపాలి.

స్ట్రింగ్స్ ముట్టుకుంటే హమ్ తగ్గితే గ్రౌండ్ బాగుంది, లోపల షీల్డింగ్ లేదు. కంట్రోల్ గుంతలో రాగి టేపు వేసి గ్రౌండ్‌కు కలపండి. స్ట్రింగ్స్ ముట్టుకున్నా తేడా లేక, జాక్ మెటల్ ముట్టుకుంటే తగ్గితే బ్రిడ్జి కిందికి పోయే వైరు తెగింది.

ముట్టుకుంటే చెయ్యి జివ్వుమంటే మాత్రం వెంటనే గిటార్ దించేయండి. అది గిటార్ జబ్బు కాదు, ఎర్తింగ్ లేదు. జాతరలకు, ఊరేగింపులకు జనరేటర్ మీద వేసే స్టేజీల్లో ఇది జరుగుతుంది. హమ్ పోతుందని ప్లగ్ మూడో పిన్ను తీసేసేవాళ్లు ఉన్నారు. దయచేసి ఆ పని చేయకండి, చెయ్యనివ్వకండి. ఎర్త్ సరిచేసేదాకా వాయించకండి.

దుప్పటి కప్పినట్టు మందంగా సౌండ్

స్ట్రింగ్స్ కొత్తవై, టోన్ నాబ్ ఫుల్‌గా ఉండి కూడా ఇలా ఉంటే వాల్యూమ్ కంట్రోల్ విలువ చదవండి. పాసివ్ జాజ్, ప్రెసిషన్ గిటార్లకు 250కె (కిలో ఓమ్స్) కావాలి. యాక్టివ్ గిటార్ నుంచి తీసిన 25కె వేస్తే ట్రెబుల్ అంతా చచ్చిపోతుంది. టోన్ కెపాసిటర్ మీద 473 అని ఉండాలి, అంటే 0.047 మైక్రోఫారడ్. 474 ఉంటే పదింతలు, నాబ్ కాస్త తిప్పగానే బురద. చాలా పొడుగు కేబుల్ కూడా పాసివ్ గిటార్ ట్రెబుల్‌ను తినేస్తుంది.

ఒక వాల్యూమ్ సున్నా చేస్తే మొత్తం ఆగిపోతోంది

జాజ్ వైరింగ్‌లో పికప్ వైరు వాల్యూమ్ కంట్రోల్ మధ్య కాలికి, అవుట్‌పుట్ పక్క కాలికి వెళ్లాలి. ఎవరో తిప్పి వేశారు. రెండు కంట్రోళ్లలోనూ మార్చండి.

కరకర

నవంబరు వానల తేమకు కంట్రోళ్లు, జాక్‌లు ఇలా అవుతాయి. కాంటాక్ట్ క్లీనర్ కొట్టి నాబ్ అటూ ఇటూ బాగా తిప్పండి. జాక్ నట్టు వదులైతే బిగించే ముందు లోపల వైరు మెలిపడలేదని చూడండి, స్ప్రింగ్ ఆకును కొంచెం లోపలికి వంచండి.

మిగతావి

మీటర్లో అసలు అంకె రాకపోతే కాయిల్ తెగింది, పికప్ మార్చాలి. ప్రెసిషన్ పికప్‌లో నోట్లన్నీ బాగుండి హమ్ మాత్రం ఎక్కువైతే రెండు ముక్కల మధ్య వైరు తిరగబడింది. ప్రీయాంప్ నిజంగా పోవడం అరుదు. బ్యాటరీ, జాక్, బ్యాటరీ క్లిప్పు మూడూ బాగున్నాయని మీటర్ చెప్పాకే దాన్ని విప్పండి.