తెల్లచారల పాము కనిపిస్తే: కట్లపామా, కాదా ఎలా తెలుసుకోవాలి?

తుపాను వానలు మొదలయ్యాయంటే నెల్లూరు, ప్రకాశం జిల్లాల ఊరి వాట్సాప్ గ్రూపుల్లో ఒక రకం ఫొటో తప్పకుండా దిగుతుంది. మూరెడు పొడవున్న సన్నపాటి పాము, ఒంటిమీద తెల్లచారలు, చితికిన తల, పక్కన కర్ర. కింద “కట్లపాము, పిల్లోళ్ళు జాగర్త” అని ఒక ముక్క. ఆ ఫొటోను వేళ్ళతో సాగదీసి చూస్తే చాలాసార్లు అది కట్లపాము కాదని తేలిపోతుంది. అది వుల్ఫ్ స్నేక్. ఇళ్ళల్లో బల్లుల్ని తిని బతికే పాము, విషం లేనిది. పల్లెల్లో దానికి వేరే పేరంటూ పెద్దగా వాడరు. చారలుంటే అన్నీ కట్లపాములే.

పొరపాటు రెండోవైపు కూడా జరుగుతుంది. అసలు భయపడాల్సింది దానికే. “ఇది విషం లేనిదేలే” అని తోక పట్టుకుని బయట పారేయబోయేది నిజంగానే కట్లపాము అయితే తర్వాత చెప్పుకోవడానికి ఏమీ ఉండదు. అందుకే కింద చెప్పేదంతా ఒక షరతు మీద నేర్చుకోండి: గుర్తులన్నీ ఒకే మాట చెప్పకపోతే అది కట్లపామనే లెక్క. గుర్తుపట్టినా సరే, చేత్తో ముట్టుకునే పని లేదు. ఈ విద్య పామును చంపకుండా వదలడానికే గానీ పట్టుకోవడానికి కాదు.

ముందు దూరం, తర్వాత ఫొటో

పాము కనిపించగానే ఆరడుగుల వెనక్కి జరిగి, పిల్లల్నీ కుక్కనీ అవతలికి పంపండి. ఒకరు దాని మీద చూపు తిప్పకుండా నిలబడాలి. చూపు మరల్చిన క్షణంలో అది బియ్యం మూటల వెనక్కో గ్యాస్ బండ కిందికో దూరిపోతే ఆ రాత్రి ఇంట్లో ఎవరికీ నిద్ర ఉండదు.

ఫోన్లో జూమ్ చేసి మూడు ఫొటోలు తీయండి: మెడ నుంచి నడుము దాకా పైనుంచి ఒకటి, నడుము నుంచి తోక దాకా ఒకటి, తల పక్కనుంచి ఒకటి. ఫ్లాష్ వేయకండి. కట్లపాము ఒళ్ళు నూనె రాసినట్టు మెరుస్తుంది, ఎదురుగా వెలుతురు పడితే సన్నచారలు ఆ మెరుపులో కలిసిపోతాయి. టార్చి ఉంటే పక్కనుంచి వేయించండి. తల ఫొటో కుదరకపోతే వదిలేయండి, దానికోసం వంగి దగ్గరికి వెళ్ళొద్దు.

చారలు ఎక్కడ మొదలవుతున్నాయి?

అన్నిటికన్నా ముందు చూడాల్సింది ఇదే. రంగు మీద నమ్మకం పెట్టుకోకండి. కట్లపాము నీలంకలిసిన నలుపు అని పుస్తకాల్లో ఉంటుంది, ముదురు గోధుమరంగు కట్లపాములూ ఉంటాయి. వుల్ఫ్ స్నేక్ మామూలుగా గోధుమరంగు, కానీ రాత్రిపూట బల్బు వెలుతుర్లో నల్లగానే కనిపిస్తుంది. వుల్ఫ్ స్నేక్‌లలోనే ఇంకో చిన్న రకం దాదాపు కారునలుపు. రంగు చూసి తీర్పు చెప్పేవాళ్ళు ఇక్కడే దెబ్బతింటారు.

ఎదిగిన కట్లపాముకు తల, మెడ, ఆ తర్వాత కొంత దూరం దాకా ఒళ్ళు నున్నగా ఖాళీగా ఉంటుంది, లేదా వెన్ను మీద అక్కడక్కడా తెల్లచుక్కలు మాత్రం ఉంటాయి. చారలు ఆ తర్వాత మొదలై, తోకవైపు వెళ్ళేకొద్దీ స్పష్టమవుతాయి. వుల్ఫ్ స్నేక్‌కు ఇది తిరగబడుతుంది. మెడ దగ్గరే పట్టీ కట్టినట్టు మొదటి చార ఉంటుంది, ముందుభాగంలో చారలు వెడల్పుగా, కొట్టొచ్చినట్టు ఉంటాయి, వెనక్కి పోయేకొద్దీ మాసిపోయి తోక దగ్గర ఉన్నాయా లేవా అన్నట్టుంటాయి.

ఒక్క ముక్కలో పెట్టుకోవాలంటే: చారలు తోకవైపు స్పష్టంగా ఉంటే కట్లపాము, తలవైపు స్పష్టంగా ఉంటే వుల్ఫ్ స్నేక్. కానీ కట్లపాము పిల్లలకు చారలు తలకు దగ్గర్నుంచే మొదలవుతాయి. అడుగు, అడుగున్నర పాము విషయంలో ఈ ఒక్క గుర్తుతో తేల్చేయడం అంటే ప్రాణంతో పందెం వేయడమే. ముసలి కట్లపాముల్లో చారలు బాగా చెరిగిపోయి ఒళ్ళంతా ఉత్త నల్లగా కనిపించేవీ ఉన్నాయి. కుబుసం విడిచే ముందు ఒళ్ళు బూడిదరంగుకు తిరిగి మెరుపు పోతుంది. అందుకే తర్వాతి గుర్తులు.

చార ఆకారం

కట్లపాము చారలు సన్నవి, చాలాసార్లు జంటజంటలుగా వస్తాయి: రెండు గీతలు దగ్గరదగ్గరగా, కొంత నలుపు, మళ్ళీ రెండు. ఒంటి పొడవునా 40 దాకా ఉండొచ్చు. వుల్ఫ్ స్నేక్ చారలు ఒంటరివి, ఎక్కువగా 20 లోపే. వెన్ను మీద ఒకే పట్టీగా ఉన్నది పక్కలకు దిగేసరికి చీలి, తిరగేసిన ‘వి’ లాగా విచ్చుకుంటుంది. దాని తెలుపు కూడా శుద్ధమైన తెలుపు కాదు, పసుపు కలిసి ఉంటుంది, అంచులు చిందరవందరగా ఉంటాయి. కడుపు రెంటికీ తెలుపే కాబట్టి పామును తిరగేసి చూసి లాభం లేదు.

తల, కన్ను

ఫొటో బాగా పడితే ఇది పనికొస్తుంది. కట్లపాము తల గుండ్రంగా, మెడతో దాదాపు సమానంగా కలిసిపోయి ఉంటుంది. తల ఎక్కడ అయిపోయి మెడ ఎక్కడ మొదలైందో తేల్చడం కష్టం. వుల్ఫ్ స్నేక్ తల బల్లపరుపుగా, మూతి ముందుకు సాగి, మెడ దగ్గర కొంచెం నొక్కినట్టు ఉంటుంది. కళ్ళు ఉబ్బి పూసల్లా బయటికి కనిపిస్తాయి. రెంటి కళ్ళూ నల్లగానే ఉంటాయి గనుక “కంటిపాప నిలువుగా ఉంటే విషం” అనే ఇంటర్నెట్ సూత్రం ఇక్కడ పనిచేయదు. పైగా అది తలకిందులు కూడా: విషం ఉన్న కట్లపాముకే కంటిపాప గుండ్రం.

వెన్ను మధ్య వరస

ఇది గట్టి గుర్తు. కట్లపాము వెన్ను మీద, సరిగ్గా మధ్యలో, తల నుంచి తోక దాకా ఒక వరస పొలుసులు పక్కవాటికన్నా పెద్దగా, ఆరు పలకలుగా ఉంటాయి. వుల్ఫ్ స్నేక్‌కు వెన్ను మీద పొలుసులన్నీ ఒకే సైజు. పిల్లదైనా ముసలిదైనా, చారలు ఉన్నా పోయినా, ఈ వరస మాత్రం మారదు. పైనుంచి తీసిన ఫొటో కదలకుండా వస్తే సాగదీసి చూడొచ్చు.

బతికున్న పాము మీద ఇది చూడటం కుదరకపోయినా, కుబుసం మీద నిశ్చింతగా చూడొచ్చు. నా మటుకు ఈ విద్య నేర్చుకోవడానికి అన్నిటికన్నా మంచి బడి కుబుసమే. దొడ్లో, కట్టెల మోపులో, మోటారు షెడ్డులో కుబుసం దొరికితే నీళ్ళతో కాస్త తడిపి తెల్లకాగితం మీద పరచండి. రెండు చోట్ల చూడండి. ఒకటి, వెన్ను మధ్య వరస. రెండోది, తోక అడుగు. కట్లపాముకు తోక కింద పొలుసులు ఒక్కొక్కటి అడ్డంగా పూర్తి పట్టీలా ఉంటాయి. వుల్ఫ్ స్నేక్‌కు, ఇంకా చాలా మామూలు పాములకు, అవి మధ్యలో చీలి రెండేసి ముక్కలుగా జడ అల్లినట్టు సాగుతాయి. ఒక్క గుర్తే ఉంటే తొందరపడొద్దు: చెట్ల మీద తిరిగే కొమ్మేరి పాముకూ వెన్ను వరస పెద్దదే, రక్తపింజరకు చెల్లెలి వరసైన చిన్నపింజరకూ తోక కింద పొలుసులు చీలవు. వెన్ను మీద పెద్ద వరస, తోక కింద చీలని పట్టీలు, ఈ రెండూ ఒకే కుబుసంలో ఉంటే మీ ఇంటి చుట్టూ కట్లపాము తిరుగుతోందన్నమాటే. ఆ రోజు నుంచి నేల మీద పడక మానేయాలి.

ఎక్కడ, ఎప్పుడు కనిపించింది?

గోడ మీద, కిటికీ ఊచల మీద, తలుపు సందులో, పెంకుల చూరులో కనిపిస్తే వుల్ఫ్ స్నేక్ అయ్యే అవకాశమే ఎక్కువ. బల్లి ఎక్కడ ఉంటే అది అక్కడికి పోతుంది. కట్లపాము ప్రధానంగా నేల పాము. ఎలుకల బొరియలు, ఇటుకల గుట్టలు, చీమకుర్తివైపైతే గ్రానైట్ ముక్కల కుప్పలు, డెల్టా ఊళ్ళల్లో పొలం గట్లు, రొయ్యల చెరువుల మీద మేత బస్తాలు పెట్టే షెడ్లు దానికి ఇష్టమైన చోట్లు. నెల్లూరు మాగాణుల్లో ఎలుకలు పట్టే యానాదులు బొరియలో చెయ్యి పెట్టేముందు ఎందుకంత ఆగి చూస్తారో దీన్నిబట్టే అర్థమవుతుంది. అయితే కట్లపాము గరుకు మెట్లూ అరుగులూ ఎక్కలేనిదేం కాదు, కాబట్టి చోటు చూసి అనుమానపడండి గానీ చోటు చూసి తీర్పు చెప్పకండి.

రెండూ రాత్రి తిరిగేవే. పగలు కట్లపాము మందకొడిగా, చుట్ట చుట్టుకుని తల లోపల దాచుకుని పడి ఉంటుంది. కర్రతో కదిపినా ఉలిక్కిపడి మళ్ళీ ముడుచుకుంటుంది. అది చూసి “మెత్తని పాము” అనుకున్నవాళ్ళున్నారు. చీకటి పడ్డాక అదే పాము చురుగ్గా ఉంటుంది, కరుస్తుంది.

తేలాక ఏం చేయాలి?

వుల్ఫ్ స్నేక్ అని అన్ని గుర్తులూ చెబితే తలుపు తీసి, లైటు ఆర్పి, దారి వదలండి. పొడవాటి చీపురుతో మెల్లగా బయటికి నెట్టినా సరిపోతుంది. కట్లపామైనా, తేలకపోయినా, గది తలుపు మూసి, కింద సందులో తడిగుడ్డ కుక్కి, మీ ఊళ్ళో పాములు పట్టేవాళ్ళకో అటవీశాఖ రేంజి ఆఫీసుకో ఫోన్ చేయండి. చంపాక కూడా తలను చేత్తో ముట్టుకోవద్దు, తెగిన తల కూడా కాసేపటిదాకా కరవగలదు.

కరిస్తే మాత్రం ఇదంతా పక్కన పెట్టండి

కరిచాక ఏ పామో తేల్చుకుంటూ కూర్చోవడం కన్నా పెద్ద తప్పు లేదు. ఎందుకంటే ఈ రెండు పాముల కాటు మన అంచనాకు ఎదురు తిరుగుతుంది. వుల్ఫ్ స్నేక్‌కు ముందుపళ్ళు పెద్దవి. కరిస్తే గాట్లు పడతాయి, రక్తం వస్తుంది, ఇల్లంతా గోలవుతుంది. కట్లపాము కాటుకు నొప్పి తక్కువ, వాపు దాదాపు ఉండదు, చాలాసార్లు గాటు కూడా కనిపించదు. నిద్రలో ఏదో చీమ కుట్టిందనుకుని మళ్ళీ పడుకుంటారు. తెల్లవారుజామున కడుపునొప్పి, వాంతి, కనురెప్పలు వాలిపోవడం, మింగడం కష్టమవడం. “గ్యాస్ పట్టిందేమో, సోడా తాగు నా” అని ఎవరో ఒకరు అననే అంటారు. నేల మీద పడుకుని లేచినవాళ్ళకు రెప్పలు వాలుతుంటే గాటు వెతకొద్దు, బయల్దేరండి.

మంత్రం వేసేవాళ్ళకు ఊళ్ళో అంత పేరెలా వచ్చిందని అడిగితే నేను చూపించేది వుల్ఫ్ స్నేక్‌నే. దాని కాటుకు ఏ మంత్రం వేసినా, ఏ పసరు పోసినా మనిషి బతుకుతాడు. మర్నాటికి “కట్లపాము విషం దించాడు” అని కథ తయారవుతుంది. ఆ కథను నమ్మి నిజం కట్లపాము కాటుతో అక్కడ రెండు గంటలు కూర్చున్నవాడి సంగతే వేరు.

108కు ఫోన్ చేయండి. కరిచిన కాలో చెయ్యో కదలకుండా ఉంచండి, ఉంగరాలు, గాజులు తీసేయండి. బిగించి కట్టు కట్టొద్దు, కొయ్యొద్దు, నోటితో పీల్చొద్దు. నెల్లూరు పెద్దాసుపత్రికో ఒంగోలు రిమ్స్‌కో దూరమైతే ముందు దగ్గర్లో పాము మందు ఉన్న ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్ళండి. పామును చంపి సంచిలో పట్టుకెళ్ళనక్కర్లేదు. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర, ఈ నాలుగింటికీ మన దేశంలో ఇచ్చేది ఒకే మందు. డాక్టర్లు రెప్పలు, ఊపిరి చూసి, 20 నిమిషాల్లో రక్తం గడ్డకడుతోందా లేదా అని పరీక్షించి నిర్ణయిస్తారు. మామూలుగా 10 సీసాలతో మొదలుపెడతారు. కట్లపాము విషం నరాలు కండరాన్ని తాకే చివర్లను దెబ్బతీస్తుంది. ఆలస్యమైతే మందు ఎంత ఎక్కించినా ఆ చివర్లు వెంటనే బాగుపడవు. అవి తిరిగి కుదురుకునేదాకా కొన్ని రోజులు వెంటిలేటరే ఊపిరి పోయాలి. ఆసుపత్రికి చేరాక లక్షణాలేమీ లేకపోయినా ఒక రోజంతా అక్కడే ఉంచుతారు. “బాగానే ఉన్నా కదా” అని సంతకం పెట్టి ఇంటికి రావొద్దు.

కళ్ళం దగ్గరో చెరువు కాపలాకో పడుకునేవాళ్ళకు మంచం, దాని మీద దోమతెర, తెర అంచులు నాలుగువైపులా పరుపు కిందికి దోపడం. చెప్పుల్లో కాలు పెట్టేముందు ఒకసారి దులపడం. మంచం కింద ధాన్యం బస్తాలు పెట్టకండి. వాటికోసం ఎలుక వస్తుంది, ఎలుక కోసం కట్లపాము.