దీర్ఘవ్యాధి ఉన్నవారు నడకను ఎలా అలవాటు చేసుకోవాలి

తిరుపతిలో మధుమేహమో రక్తపోటో ఉన్నవారిలో కొందరు నెలల తరబడి ఒళ్ళు కదల్చకుండా గడిపి, మొక్కు గుర్తుకు వచ్చిన రోజున అలిపిరి నుంచి 3,550 మెట్లూ ఒక్కసారిగా ఎక్కేస్తారు. భక్తి సంగతి అటుంచితే, వ్యాయామంగా దీనివల్ల ఒనగూడేది తక్కువ. చాలా దీర్ఘవ్యాధుల్లో శరీరం లోపల పైకి కనిపించని సన్నటి వాపు (ఇన్‌ఫ్లమేషన్) ఎప్పుడూ రగులుతూనే ఉంటుంది. కండరాలు పనిచేసినప్పుడు విడుదలయ్యే రసాయనాలు దానిని తగ్గించడానికి తోడ్పడతాయి. రోగక్రిములను వెతికే తెల్లరక్తకణాలు కూడా ఆ సమయంలో రక్తంలోకి ఎక్కువగా వచ్చి, కొన్ని గంటల్లో మళ్ళీ సర్దుకుంటాయి. అందుకే తరచుగా నడవడం ముఖ్యం. నిద్ర మెరుగుపడడం, దిగులు కొంత తగ్గడం కూడా ఈ క్రమం మీదే ఆధారపడి ఉంటాయి.

వైద్యుని సలహా తీసుకుని, కపిలతీర్థం రోడ్డు వంటి చోట ఎండ ముదరకముందే పది నిమిషాలతో మొదలుపెట్టండి. మాట్లాడగలిగేటట్టు, పాట మాత్రం పాడలేనట్టు ఉండే వేగం సరిపోతుంది. వారానికి 150 నిమిషాలకు మెల్లగా చేరుకోవాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో దీర్ఘవ్యాధులు ఉన్నవారికి కూడా కనీసం ఇంత వ్యాయామం సూచించింది. వారంలో రెండు రోజులు, చేతుల ఊతం లేకుండా కుర్చీలోంచి లేచి కూర్చోవడం వంటి కండరాల పని కూడా చేర్చండి.

ఇన్సులిన్ గానీ, మధుమేహానికి ఇచ్చే గ్లిమిపిరైడ్ వంటి మాత్రలు గానీ వాడేవారికి నడకలో రక్తంలో చక్కెర మరీ పడిపోవచ్చు కాబట్టి, బయలుదేరే ముందు దాన్ని చూసుకోవాలి. అది 90 mg/dL కంటే తక్కువగా ఉంటే ఏదైనా కొంచెం తిన్న తరువాతే నడవాలి. దారిలో చెమటలు పట్టి, చేతులు వణికితే చక్కెర పడిపోయిందని భావించి ఆగిపోయి, మూడు చెంచాల చక్కెర నీళ్ళలో కలుపుకుని తాగి, పదిహేను నిమిషాల తరువాత మళ్ళీ పరీక్షించుకోవాలి. ప్రసాదం లడ్డూ చేతిలో ఉన్నా, అప్పుడు దాని మీద ఆధారపడకండి. అందులోని నెయ్యి వల్ల చక్కెర రక్తంలోకి ఆలస్యంగా చేరుతుంది.

పాదాలు తిమ్మిరెక్కేవారు చెప్పులు లేకుండా నడవకూడదు. మెట్ల దారికీ ఇది వర్తిస్తుంది. ఇంటికి వచ్చాక వేళ్ళ సందులు, మడమలు చూసుకోండి, ఎందుకంటే స్పర్శ తగ్గిన పాదానికి బొబ్బ లేచినా తెలియదు. జ్వరం ఉన్న రోజు నడక మానేయండి. ఛాతీలో నొప్పి వస్తే వెంటనే ఆగి ఆసుపత్రికి వెళ్ళాలి. నడక మొదలుపెట్టాక కూడా రెండు వారాలకు మించి దిగులు, ఆసక్తి లేకపోవడం కొనసాగితే మానసిక వైద్యుణ్ణి కలవండి. వ్యాయామం చేస్తున్నాం కదా అని ఏ మందునూ సొంతంగా ఆపవద్దు.