మెంటర్లను నిలుపుకోవడం – 3వ పాఠం: రెండో నెలలో చేయాల్సిన ఫోన్

వారానికో గంట చొప్పున ఏడాది పాటు ఒక పిల్లవాడి కోసం వస్తానని మెంటర్ (ఆ పిల్లవాడికి తోడుగా, మార్గదర్శిగా ఉండే వాలంటీర్) చేత మొదట్లోనే ఎలా ఒప్పించాలో పోయిన పాఠంలో చూశాం. ఒప్పుకున్నవాళ్లు మధ్యలో జారిపోకుండా చూసుకోవడం ఈసారి పాఠం.

ఏడాదే ఎందుకు? జీన్ గ్రాస్‌మన్, జీన్ రోడ్స్ అనే పరిశోధకులు 2002లో ప్రచురించిన అధ్యయనంలో, ఏడాది, ఆపైన సాగిన మెంటర్–పిల్లల జోడీల్లోని పిల్లలకే ఎక్కువ మేలు కనిపించింది. మూడు నెలల్లోపే తెగిపోయిన చోట పిల్లలకు తమ మీద తమకున్న నమ్మకం తగ్గింది. అంటే సగంలో వదిలేయడం వల్ల నష్టం కూడా ఉంటుంది.

మానేసే మెంటర్ చెప్పే కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే: "టైమ్ దొరకడం లేదండీ." నేనైతే దాన్ని సగమే నమ్ముతాను. మిగతా సగం పైకి చెప్పని మాట: "నా వల్ల ఏమీ కావట్లేదు." పిల్లవాడు ఆలస్యంగా వస్తాడు, అడిగినదానికి ముక్తసరిగా జవాబిస్తాడు. అంతకుముందు మధ్యలో వదిలేసి వెళ్లిన పెద్దవాళ్లను చూసిన పిల్లలు వెంటనే దగ్గరవ్వరు. ఈయనైనా ఉంటాడా అని చూస్తారు. మెంటర్‌కేమో అది తిరస్కారంలా తోస్తుంది. పిల్లవాణ్ణి మార్చేయాలనే పట్టుదలతో వచ్చినవాళ్లు మరీ తొందరగా డీలా పడతారు.

అందుకే రెండో నెలలో మీరే ఫోన్ చేయాలి. "అంతా బాగుందా?" అని అడగొద్దు. "ఆ, బాగానే ఉంది" అంటారు, మాట అక్కడితో అయిపోతుంది. జరిగినదాన్ని అడగండి.

"పోయినసారి కలిసినప్పుడు ఏం చేశారండీ?"
"ఏముంది, చెస్ ఆడాం. చదువు ఊసే రాలేదు."
"ఆట అయిపోగానే వెళ్లిపోయాడా?"
"లేదు, ఇంకో ఆట ఆడదామన్నాడు."

ఇక్కడ ఆగండి. "ముందు నెలలో ఎప్పుడైనా అలా అడిగాడా?" అనండి. అడగలేదని ఆయనకే గుర్తొస్తుంది. మీరు వంద మెచ్చుకోళ్లు చెప్పినా అంత పనిచేయవు. ఏడాది చివర ఇచ్చే సర్టిఫికెట్ గురించి చెప్పనే అక్కర్లేదు, అప్పటికి మానేసేవాళ్లు ఎలాగూ మానేసి ఉంటారు.

నిజంగానే టైమ్ సమస్య అయితే బతిమాలొద్దు. రోజో వేళో మార్చండి.

అభ్యాసం: ఈ వారం ఇద్దరు మెంటర్లకు ఫోన్ చేయండి. పిల్లవాడు తనంతట తాను చేసిన పని ఒక్కటైనా వాళ్ల మాటల్లో ఉంటే, దాన్ని ఉన్నదున్నట్టు నోట్‌బుక్‌లో రాసుకోండి. ఏమీ దొరకని జోడీ ఉంటే పక్కన గుర్తు పెట్టుకోండి. 4వ పాఠం వాళ్ల గురించే.