అలికిడి లేని నడక – 3వ పాఠం: బురద, ఎండుటాకు, గాలి

గత రెండు పాఠాల్లో గట్టినేల మీద నడక చూశాం. బరువంతా వెనక్కాలి మీదే ఉంచి, ముందుకాలి వెలుపలి అంచుతో నేలను తడిమి, కింద పుల్లలు లేవని తేలాకే పాదం దింపడం. గోదావరి డెల్టాలో ఆ నడక సగం దూరానికే పనికొస్తుంది. మిగతా సగం బురద.

ముందుగా ఒక మాట. ఇది వేటగాళ్ల దగ్గర పుట్టిన విద్యే అయినా, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక బావురుపిల్లి లాంటి జంతువుల వేట నేరం. మేం నేర్పేది కెమెరాతోనో బైనాక్యులర్‌తోనో దగ్గరకు చేరడానికే. కాకినాడ దగ్గరి కోరంగి మడ అడవి 1978 నుంచి అభయారణ్యం. అక్కడ చెక్కవంతెన దిగి మడల్లో కాలు పెట్టాలంటే అటవీశాఖ అనుమతి కావాలి. సాధనకు కాలవగట్టు, చెరువు అంచు, యజమానిని అడిగి ఒక కొబ్బరితోట చాలు.

బురదలో పెద్ద చప్పుడు కాలు వేసేటప్పుడు రాదు, తీసేటప్పుడు వస్తుంది. పాదం కింద గాలి చొరబడే సందు ఉండదు కాబట్టి లాగగానే ‘చబుక్’మంటుంది. దీనికి మందు మడమే. ముందు మడమ ఒక్కటే రెండంగుళాలు లేపి ఆగండి. ఆ సందులోకి నీరో గాలో చేరేదాకా రెండు ఊపిరులు తీసుకోండి. అప్పుడు వేళ్లు కిందికి చూసేలా పాదాన్ని వాల్చి నిదానంగా బయటికి తీయండి. వేసేటప్పుడు కూడా వేళ్లే ముందు, ఏటవాలుగా దూరాలి. అరికాలు మొత్తం ఒకేసారి పడితే చెంపదెబ్బ చప్పుడే.

ఆరడుగుల వెదురు కర్ర చేతిలో ఉండాలి. దాన్ని పొడవకూడదు, బురదలోకి నొక్కాలి. పిక్క సగం దాకా దిగే చోట నడవొచ్చు. మోకాలి దాకా దిగిందంటే నిశ్శబ్దం మాట మరచి వెనక్కి మళ్లండి. పోటు తీస్తుండగా బయల్దేరి, మళ్లీ పోటు ఎక్కకముందే గట్టు చేరాలి. పోటు వేళలు రోజుకు దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతుంటాయి. నిన్నటి లెక్కతో ఈరోజు వెళ్లకండి.

మడచెట్ల చుట్టూ బురదలోంచి పెన్సిళ్లలా నిక్కపొడుచుకొచ్చే శ్వాసవేళ్లను తొక్కితే పుటుక్కున విరుగుతాయి. చెట్టుకూ చేటే, మీ అరికాలికీ చేటే. వట్టికాళ్లతో వెళ్లకండి, ఆలిచిప్పలు కోస్తాయి. గమ్ బూట్లూ వద్దు: లోపల నీరు చేరి ప్రతి అడుగుకూ గుటగుటమంటాయి, పైగా బురద వాటిని పట్టుకుంటే కాలొక్కటే బయటికొస్తుంది. చీలమండ దగ్గర బిగించి కట్టిన పలుచని కాన్వాస్ బూట్లు మేలు. తూలినప్పుడు దొరికిన కొమ్మను పట్టుకోకండి. కొమ్మ ఊగితే దూరం నుంచే కనిపిస్తుంది. అది తిల్ల చెట్టయితే మరీ ప్రమాదం. దాని పాలు కంట్లో పడితే చూపుకే ముప్పు.

మీ నడక ఎలా ఉందో పీతలు చెబుతాయి. పదడుగుల ముందున్నవన్నీ ఒక్కసారిగా బొరియల్లో దూరాయంటే మీరు తొందరపడుతున్నట్టే. అవి మళ్లీ పైకొచ్చేదాకా కదలకండి.

ఇక తోటలు. సరుగుడు తోటలో మంచు ఆరకముందు రాలిన ఆకు మెత్తగా ఉంటుంది, ఎండెక్కాక జారుతుంది. చిన్న కాయలు మాత్రం ఎప్పుడైనా చిటపటమంటాయి. కొబ్బరిలో అంతరపంటగా కోకో ఉంటే ఎండుటాకు మందంగా పరుచుకుంటుంది, దాని మీద చప్పుడు లేకుండా నడవడం ఎవరి తరమూ కాదు. బోదెలోకి, అంటే తోటలోని నీటి కాలవలోకి దిగి తడిమట్టి మీద వెళ్లండి. ఎండు కొబ్బరిమట్టను దాటకండి, చుట్టి రండి.

అడుగు చిన్నదైనా లయగా పడితే మనిషని తెలిసిపోతుంది. మూడడుగులు, ఆగడం, ఐదు, ఆగడం, ఒకటి, ఆగడం. ఆగేది ఎప్పుడూ మొద్దు పక్కన, ఖాళీలో కాదు. వంద మీటర్లకు పావుగంట పట్టినా ఎక్కువేం కాదు. పాయలో ఇంజను పడవ వెళ్తుంటే, గాలి ఒక్క విసురు విసిరితే, ఆ చప్పుడు చాటున కష్టమైన నాలుగడుగులు వేసేయండి. తీతువు అరిచిందా, అక్కడితో నిలిచిపోండి. అది సద్దుమణిగేదాకా ముందుకెళ్లడం దండగ.

గాలి విషయంలో మన తీరం వాళ్లు అదృష్టవంతులు. చలికాలం, వేసవి మొదట్లో తేటగా ఉన్న రోజుల్లో తెల్లవారుజామున గాలి నేల మీంచి సముద్రం వైపు, అంటే పడమటి నుంచి వీస్తుంది. సూర్యుడు తూర్పున. పడమటికి నడిస్తే గాలి మొహానికి, ఎండ వీపుకి. మధ్యాహ్నం తర్వాత సముద్రపు గాలి తూర్పు నుంచి లేస్తుంది, సూర్యుడు పడమటికి వాలతాడు. అప్పుడు తూర్పుకు నడవండి. వాసన జంతువుకు చేరదు, మీ ఎదురుగా ఉన్నదంతా వెలుతురులో కనిపిస్తుంది. ఈ రెండు గాలుల నడుమ ఉదయం కాసేపు గాలి పడిపోయి వాసన ఎటు పోతుందో తెలియదు, ఆ వేళ కూర్చోండి. నైరుతి రుతుపవనాల్లో ఈ లెక్క చెల్లదు, చిటికెడు బూడిద వదిలి చూసుకోవాల్సిందే.

ఈ వారం సాధన: చెరువు అంచున పిక్క సగం లోతు బురదలో ఇరవై అడుగులు, మడమ ముందు లేపుతూ. గట్టు మీద ఒకరిని వీపు తిప్పి కూర్చోబెట్టండి. చప్పుడు వినిపించినప్పుడల్లా చెయ్యెత్తమనండి. ఇరవైలో మూడుసార్లకు మించి చెయ్యి లేవకపోతే 4వ పాఠానికి రండి. అందులో మాటు కూర్చోవడం.