500 దాటకముందే మీటరు చూసుకోండి

చెన్నైలో కరెంటు బిల్లు రెండు నెలలకోసారి. ఆ రెండు నెలల్లో 500 యూనిట్లు దాటామా, దాటిన యూనిట్లకే కాదు, కింది స్లాబులో వాడిన వాటికీ రేటు పెరుగుతుంది. అన్యాయమే అనుకోండి, కానీ రూలు అదే. అందుకే రీడింగ్ తీసిన రోజే అంకె రాసిపెట్టుకుని, నెల తిరగ్గానే మళ్లీ చూడండి. మీటరు తెరమీద అంకెలు ఒకదాని తర్వాత ఒకటి మారుతుంటాయి. పక్కన కేడబ్ల్యూహెచ్ (kWh, అంటే యూనిట్లు) అని కనిపించేదే మనకు కావాలి. తేడా 250 దాటితే ఏసీని 26లో పెట్టి, పైన ఫ్యాన్ తిప్పండి. పాత ఫ్యాన్ సుమారు 75 వాట్లు లాగితే, కరెంటు తక్కువ తినే మోటారున్న బీఎల్‌డీసీ ఫ్యాన్‌కి 30 చిల్లర చాలు. రోజంతా తిరిగే హాలు ఫ్యానే ముందు మార్చండి. ఫోన్ చార్జర్ గురించి టెన్షన్ అక్కర్లేదు, అది తినేది నామమాత్రం.